జింకల వేటకారు – ఛాయాగ్రహణం
(నల్లజర్ల మెట్టసీమకు అన్వయించిన ఒక పరిశీలన)

ఉర్దూ భాషలో "షికార్" అను మాటకు వేట అని అర్థం. ఫారసీ నుండి ఉర్దూలోనికి, అక్కడి నుండి తెలుగులోనికి వచ్చిన ఈ పదం మన ఊళ్ళలో తన అర్థాన్ని కొంత మార్చుకొన్నది. సాయంకాలం చల్లగాలికి అలా తిరిగి రావడాన్ని మనం "షికారు" అంటాము. అందులో తుపాకి లేదు, జంతువు లేదు; నడక మాత్రం మిగిలి ఉన్నది. ఈ వ్యాసంలో ప్రతిపాదించు విషయం ఆ మాటలోనే ఇమిడి ఉన్నది. వేటగాని నడకను, ఓర్పును, నేలను చదువు నేర్పును నిలుపుకొని, చంపుటను మాత్రం వదలివేసిన యెడల మిగులునది ఏమి? దానినే నేడు మనం ప్రకృతి ఛాయాగ్రహణం అంటున్నాము.

ఈ విషయాన్ని దూరదేశపు అడవులకు కాక మనకు దగ్గరలోని నల్లజర్ల మెట్టసీమకు అన్వయించి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

వేటకు కాలనియమం

పాశ్చాత్య దేశాలలో నేటికీ జింకల వేటకు ప్రతి సంవత్సరం ఒక నిర్ణీత కాలం ఉన్నది. ఆ కాలంలో అనుమతి పత్రం గలవారు వేటాడవచ్చును. మిగిలిన కాలంలో వేట నేరం. మన దేశంలో అట్టి వేటకారు నేడు లేదు. కాని వేటకు కాలం, స్థలం అను హద్దులు ఉండవలెనన్న భావన మనకు క్రొత్త కాదు.

అశోక చక్రవర్తి తన ఐదవ స్తంభ శాసనంలో చంపరాని జీవుల పట్టికను ఇచ్చి, కొన్ని దినాలలో చేపలను సైతం పట్టరాదని, అడవులను వృథాగా తగులబెట్టరాదని ఆజ్ఞాపించినాడు. శకుంతల కథలో దుష్యంతుడు జింకను తరుముకొంటూ వచ్చి విల్లు ఎక్కుపెట్టగా, అది ఆశ్రమమృగమని చెప్పి తాపసులు అడ్డుకొన్నారు. రాజు అస్త్రం కూడా ఆశ్రమపు పొలిమేర వద్ద ఆగవలసినదే. హజ్ యాత్రకు ఇహ్రాం ధరించిన ముస్లిములకు భూచరాల వేట నిషిద్ధం. మొగలు పాదుషా జహంగీరు గొప్ప వేటగాడు. ఆయన "మన్స్‌రాజ్" అను తన పెంపుడు జింక జ్ఞాపకార్థం 1606లో, నేడు పాకిస్తానులో ఉన్న షేఖుపురా వద్ద "హిరన్ మీనార్" కట్టించి, ఆ మైదానంలో ఎవ్వరూ జింకలను వేటాడరాదని శాసించినాడు.

ఆంగ్లేయుల కాలంలో ఈ భావన చట్టరూపం దాల్చినది. నీలగిరులలో 1879లోనే వేటజంతువుల సంరక్షణకు ఒక చట్టం వచ్చినది. 1912 నాటి అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం జింకలతో సహా అనేక జీవుల విషయంలో వేట మూసివేయు కాలాన్ని నిర్ణయించు అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చినది. కాని ఆ చట్టాల లక్ష్యం ప్రధానంగా వేటను కొనసాగించుటయే. మరుసటి సంవత్సరం వేటాడుటకు జంతువులు మిగిలి ఉండవలె గదా! 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ దృష్టిని మార్చినది. అయినను, తొలి రూపంలో ఆ చట్టం కొన్ని జంతువుల వేటకు లైసెన్సులను అనుమతించినది. 1991 నాటి సవరణతో ఆ అవకాశం కూడా తొలగిపోయినది. అనగా, మన దేశంలో జింకకు సంబంధించి సంవత్సరం పొడుగునా వేట మూసివేసిన కాలమే. మొదటి షెడ్యూలులో చేరిన కృష్ణజింకను చంపినవారికి మూడు నుండి ఏడు సంవత్సరాల వరకు కారాగార శిక్ష పడవచ్చును.

రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ జాతినే తమ గుర్తుగా ఎన్నుకొనుట ఇక్కడ గమనింపదగినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ రాష్ట్ర జంతువు మచ్చల జింక.

తుపాకి ప్రక్కన కెమెరా

ఛాయాగ్రహణానికి వేటతో గల సంబంధం పేరుకు మాత్రమే పరిమితమైనది కాదు. 1882లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారే పక్షుల ఎగురుతీరును పరిశీలించుటకు నిజముగా తుపాకి ఆకారంలోనే ఒక కెమెరాను నిర్మించినాడు. గురి చూచి మీట నొక్కిన యెడల అది సెకనుకు పన్నెండు చిత్రాలు తీసేది. నేటికీ మనం కెమెరాను "గురిపెట్టు"చున్నాము, "షాట్" తీయుచున్నాము.

మన ప్రాంతంలో ఈ సంబంధానికి పెద్ద ఉదాహరణ రాజా దీన్‌దయాళ్ (1844–1905). ఆయన ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు. సికిందరాబాదులో ఆయన స్టూడియో ఉండేది. నిజాము ఆయనకు "ముసవ్విర్ జంగ్" అను బిరుదు నిచ్చినాడు. ముసవ్విర్ అనగా చిత్రకారుడు. జంగ్ అనగా యుద్ధం. నిజాం షికార్లను, అతిథులుగా వచ్చిన దొరల షికార్లను ఆయన చిత్రించినాడు. 1902లో వైస్రాయి కర్జను దంపతులు చంపబడిన పెద్దపులితో నిలిచి ఉన్న చిత్రం వాటిలో ప్రసిద్ధమైనది. ఆ కాలపు వేట చిత్రాలన్నిటికీ ఇంచుమించు ఒకే అమరిక. ముందు మృగం పడి ఉండును; దాని వెనుక తుపాకితో దొర నిలుచుండును; పరివారం ప్రక్కలకు ఉండును. నేల, చెట్టు, నీరు కేవలం తెరలు. ఆ మృగం ఏ నీటికి వచ్చినదో, ఏ పొదలో దాగినదో, ఆ అడవి ఎట్టిదో ఆ చిత్రం చెప్పదు. చనిపోయిన జంతువు కనిపించును కాని అది బ్రతికిన చోటు కనిపించదు.

ఈ లోపాన్ని సరిదిద్దినవారు వేరు మార్గాలలో వచ్చినారు. సంయుక్త పరగణాల అటవీశాఖలో పనిచేసిన ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్, మృగం నడచు దారిలో సన్నని తీగను కట్టి, అది తగిలినప్పుడు కెమెరా తనంతట తాను పనిచేయు ఏర్పాటుతో రాత్రివేళ అడవి జంతువులను చిత్రించినాడు. ఆయన గ్రంథం 1927లో వెలువడినది. జిమ్ కార్బెట్టు వంటి ప్రసిద్ధ వేటగానిని కెమెరా వైపు త్రిప్పిన ఘనత ఛాంపియన్‌దే. ఆ తీగ కెమెరాకు వారసులే నేటి కెమెరా ట్రాపులు. 2018 నాటి అఖిల భారత పులుల గణనలో 26,838 చోట్ల ఇట్టి కెమెరాలను అమర్చినారు. వాటిలో పులులకంటె ఎన్నో రెట్లు అధికంగా ఇతర జీవుల చిత్రాలు పడినవి.

మన గోదావరి సీమకు మరింత దగ్గరి ఉదాహరణ క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఈ ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త రెండవ ప్రపంచయుద్ధ కాలంలో హైదరాబాదు సంస్థానంలో ఉండి చెంచులను, కొండరెడ్లను, గోండులను గురించి పరిశోధించినాడు. పాపికొండల ప్రాంతపు కొండరెడ్లను గురించిన ఆయన గ్రంథం 1945లో ప్రచురితమైనది. ఆయన చిత్రాలలో మనిషి ఉన్నాడు, విల్లు ఉన్నది, గుడిసె ఉన్నది, పోడు ఉన్నది, వాటి వెనుక కొండ ఉన్నది. ఇవన్నీ ఒకదానితో నొకటి ముడిపడి కనిపించును. నేడు ఆ గోదావరి తీరపు గ్రామాలు అనేకం పోలవరం ప్రాజెక్టు ముంపు పరిధిలోనికి వచ్చినవి. తీసిన నాడు సామాన్య దృశ్యాలుగా ఉన్న ఆ చిత్రాలు ఇప్పుడు దస్తావేజుల వలె విలువైనవి.

దీనిని బట్టి ఒక సూత్రం చెప్పవచ్చును. జంతువును మాత్రమే చిత్రించినవాడు ఒక క్షణాన్ని పట్టుకొన్నవాడు. జంతువుకు ఆధారమైన నేలను చిత్రించినవాడు ఒక కాలాన్ని పట్టుకొన్నవాడు.

జింకను గురించి తెలియవలసినవి

మనం వాడుకలో "జింక" అని పిలుచు జంతువులు నిజానికి రెండు కుటుంబాలకు చెందినవి. మచ్చల దుప్పి, కణుజు మొదలైనవి ఒక కుటుంబం. వీటిలో మగవాటికి మాత్రమే శాఖలుగా చీలిన కొమ్ములుండును. అవి గట్టి ఎముక. ఏటేటా రాలి తిరిగి మొలచును. క్రొత్త కొమ్ముపై మొదట మెత్తని నూగుచర్మం ఉండును. కృష్ణజింక వేరు కుటుంబం. అది మేకకు, ఆవుకు దగ్గరి చుట్టం. మెలికలు తిరిగిన దాని కొమ్ములు చీలవు, రాలవు. మచ్చల దుప్పికి చెట్లనీడ కావలెను. కృష్ణజింకకు బయలు మైదానం కావలెను. కనుక చిత్రంలో జంతువు లేకున్నను, నేలను చూచి ఇక్కడ ఏ జాతి ఉండదగునో ఊహింపవచ్చును.

జింక కన్నులు తలకు ఇరుప్రక్కల ఉన్నందున అది తల త్రిప్పకుండగనే దాదాపు చుట్టూ చూడగలదు. కదలికను వెంటనే పసిగట్టును. కాని మన కంటిలో రంగులను గుర్తించు కణాలు మూడు విధాలుండగా, జింక కంటిలో రెండే విధాలు. ఎరుపు, నారింజ రంగులను అది ఆకుపచ్చ నుండి సులభంగా వేరుచేయలేదు. నీలం మాత్రం దానికి స్పష్టంగా కనిపించును. అందువలన అడవికి పోవువాడు నీలపు చొక్కాను, తెల్లని చొక్కాను మానవలెను. అన్నిటికంటె దాని ముక్కు చురుకైనది. గాలి మన నుండి జింక వైపు వీచుచున్న యెడల ఎంత మెల్లగా నడచినను ప్రయోజనం లేదు. పిడికెడు దుమ్ము వదలి గాలివాలు చూచుట వేటగాండ్ర పద్ధతి. ఛాయాగ్రాహకునికి కూడా అదే మొదటి పాఠం.

నల్లజర్ల నేల

తాడేపల్లిగూడెం నుండి వాయవ్యంగా నల్లజర్లకు పోవు దారిలో నేల రంగు మారుట ఎవరైనను గమనింపవచ్చును. ఒండ్రునేల, వరిచేలు, కాలువలు వెనుకబడి, ఎర్రనేల, మెరక, తాటిచెట్లు ఎదురగును. ఈ మార్పుకు మూలం భూమి ఎత్తు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తియైన పిదప కాలువ నీరు పారగలిగినంత మేర డెల్టా అంతయు వరిపొలమైనది. నీరు ఎక్కలేని మెరక మెట్టగా మిగిలినది. ఆ మెట్టలోనే బలుసు, రేగు, తునికి, పరికి పొదలు, రిజర్వు అడవి తునకలు నిలిచినవి. ఉత్తరంగా పోయినకొలది ఆ అడవి చిక్కనై, పోలవరం ఆవల 1978లో అభయారణ్యంగాను, 2008లో జాతీయ ఉద్యానవనంగాను ప్రకటింపబడిన పాపికొండల అడవిలో కలియును. ఆ ఉద్యానవనం విస్తీర్ణం సుమారు 1,012 చదరపు కిలోమీటర్లు. దక్షిణంగా పోయిన యెడల నేల పల్లమై కొల్లేటిలో దిగును. అనగా కొండమృగాల అడవికి, నీటిపక్షుల సరస్సుకు నడుమ నల్లజర్ల ఒక మెట్టువలె నిలిచి ఉన్నది.

బోరుబావులు, విద్యుత్తు వచ్చిన తరువాత ఈ మెట్ట స్వరూపం కూడా మారినది. జీడిమామిడి, మామిడి, పొగాకు, కొబ్బరి, నిమ్మ, ఆపైన పామాయిల్ తోటలు విస్తరించినవి. రైతుకు ఇది బ్రతుకుతెరువు. దానిని తప్పుపట్టుటకు కాదు ఈ వ్రాత. కాని ఒక పొదల బీడు తోటగా మారినప్పుడు అక్కడ నుండి ఏది తొలగిపోయినదో చెప్పుటకు ముందటి చిత్రం ఒక్కటైనను లేకుండుట శోచనీయం. దొరలు తీయించుకొన్న వేట చిత్రాలు కొన్ని మిగిలినవి. రైతు బీడు చిత్రం ఎవ్వరూ తీయలేదు.

కార్తెలను బట్టి చిత్రణ

పంచాంగంలో జింక ఉన్నది. మృగశిర అనగా మృగం తల. ఆకాశంలో ఆ నక్షత్రానికి దిగువగా వరుసగా నిలిచిన మూడు చుక్కలను పురాణకథ బాణంగా చెప్పినది. వాటికి ఆవల ప్రకాశించు లుబ్ధక నక్షత్రం పేరుకు వేటగాడనియే అర్థం. శీతకాలపు రాత్రులలో నల్లజర్ల మెట్ట మీద నిలిచి చూచినవారికి ఈ వేట అంతయు తూర్పు ఆకాశంలో కనిపించును. వేయి సంవత్సరాలుగా బాణం వదలబడియే ఉన్నది, మృగం పడలేదు. మన ఛాయాగ్రాహకునికి ఇంతకంటె మంచి పంచాంగం అక్కరలేదు. కార్తెల వారీగా ఈ సీమను ఇట్లు చిత్రింపవచ్చును.

రోహిణి కార్తె (మే చివరి వారం మొదలు): చెరువులు అడుగంటును, గడ్డి మాడును. పూర్వం వేటగాండ్రకు ఇది అనుకూలమైన కాలం. నీరు కొద్దిచోట్ల మాత్రమే ఉండును గనుక మృగం అక్కడికి రాక తప్పదు. ఏజెన్సీ ప్రాంతపు గిరిజనులలో సామూహిక వేటతో కూడిన పండుగలు సైతం ఈ వేసవి రోజులలోనే జరిగేవి. వెలుతురు విషయంలో మాత్రం ఇది కఠినమైన కాలం. నల్లజర్ల ఇంచుమించు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. కనుక మే రెండవ వారంలోను, ఆగస్టు మొదటి వారంలోను సూర్యుడు మధ్యాహ్నం సరిగా నెత్తిమీదికి వచ్చును. అప్పుడు నీడ కాళ్ళ క్రిందనే అణగిపోవును. చిత్రంలో ఎత్తుపల్లాలు తెలియవు. ప్రొద్దుపొడిచిన తొలి గంట, క్రుంకుటకు ముందరి గంట మాత్రమే పనికివచ్చును. ఎండిన చెరువు నెర్రెలు, పశువులు త్రొక్కిన బురద అంచులు ఈ కార్తెకు తగిన వస్తువులు.

మృగశిర కార్తె (జూన్ 8 ప్రాంతం): తొలకరి దుమ్మును కడిగివేయును. ఎర్రనేల ముదురు రంగు తిరుగును. తడినేలపై అడుగుజాడలు స్పష్టంగా పడును. దుప్పి గిట్టజాడ రెండు బద్దలుగా, ముందు కొనదేరి ఉండును. ఆ కొన అది పోయిన దిక్కును చూపును. మేకజాడ కొన మొద్దుగా ఉండును. ఏటవాలు వెలుతురు పడునట్లు కూర్చుండి, ప్రక్కన ఒక రూపాయి నాణెం ఉంచి చిత్రం తీసిన యెడల జాడ పరిమాణం తెలియును.

పుబ్బ, ఉత్తర కార్తెలు (సెప్టెంబరు ప్రాంతం): పొదలు చిక్కబడును, మృగం కనబడదు. మబ్బు వెలుతురు మెత్తగా ఉండును గనుక ఆకును, పూవును, గడ్డిజాతులను చిత్రించుటకు ఇది మంచి సమయం. జింక తిను మొక్కల చిత్రం జింక చిత్రంలో సగం.

చిత్త, స్వాతి కార్తెలు (అక్టోబరు నుండి): తుపానులు తీసిపోయిన మరునాడు గాలి నిర్మలంగా ఉండును. దూరపు కొండలు సైతం స్పష్టంగా కనిపించును. విశాల దృశ్యాలకు ఇదే తగిన కాలం.

మార్గశిర, పుష్య మాసాలు: తెల్లవారుజామున మంచు క్రమ్మును. డిసెంబరులో సూర్యుడు మధ్యాహ్నం కూడా ఇంచుమించు 50 డిగ్రీల ఎత్తులోనే ఉండును. కనుక దినమంతయు నీడలు ఏటవాలుగా ఉండి నేల మలుపులను చూపును. కొల్లేటిలో వలసపక్షులు దిగు కాలం కూడా ఇదే.

మాఘ, ఫాల్గుణాలు: ఆకు రాలి అడవి పలుచబడును. మోదుగ ఎర్రగా పూచును. తరువాత ఇప్ప పూచును. రాలిన ఇప్పపూవుకు దుప్పులు వచ్చునని అడవి నెరిగినవారందరికీ తెలుసు. చెట్టు క్రింద పరచుకొన్న పూవు, దానిపై జాడ, ఈ రెండూ ఒకే చిత్రంలో అమరిన యెడల జంతువు లేకపోయినను కథ పూర్తియగును.

కొన్ని సాంకేతిక సూచనలు

సామాన్య కెమెరాతోనైనను, చేతిఫోనుతోనైనను ఈ పని చేయవచ్చును. విశాల దృశ్యానికి లెన్సు ద్వారాన్ని ఎఫ్ 8 లేక ఎఫ్ 11 వద్ద ఉంచిన యెడల దగ్గరి రాయి, దూరపు కొండ రెండూ స్పష్టంగా వచ్చును. నిలిచి ఉన్న జంతువుకు సెకనులో 250వ వంతు చాలును. పరుగెత్తుదానికి 1000వ వంతు కావలెను. కెమెరాలోని వెలుతురు కొలమానం ప్రతి దృశ్యాన్ని నడిమి బూడిదరంగుగా భావించును. అందువలన మంచు క్రమ్మిన చేను, తెల్లకొంగలు నిలిచిన మడుగు నిజమునకంటె నల్లగా పడును. అట్టిచోట ఒక మెట్టు వెలుతురు అధికంగా ఇవ్వవలెను. ఎర్రనేలకు, పచ్చికకు సామాన్యంగా మార్పు అక్కరలేదు.

చిత్రపు అమరికలో వేటగాని అలవాటును విడువవలెను. వేటగాడు జంతువును నడుమ నిలిపి మిగిలినదంతయు మరచును. మనం జంతువు ఉన్నను అది చిత్రంలో చిన్నదిగా ఉండుటకు సమ్మతింపవలెను. చెరువు, దాని గట్టు, గట్టుపై తాటిచెట్లు, వాటి మధ్య ఒక దుప్పి తల. ఇట్టి చిత్రం దుప్పి ముఖాన్ని నిండుగా చూపు చిత్రంకంటె ఎక్కువ చెప్పును.

ఛాయాగ్రహణమే వేట యగు సందర్భం

కెమెరా పట్టినవాడు నిర్దోషియని తలచుట పొరపాటు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అను పదానికి ఇచ్చిన నిర్వచనం విస్తృతమైనది. చంపుట, పట్టుట మాత్రమే కాక, జంతువును తరుముట, తోలుట, ఎర వేయుట, పక్షుల గూళ్ళను గ్రుడ్లను కలతపెట్టుట కూడా అందులో చేరినవి. కనుక చిత్రం కొరకు మోటారు వాహనంతో జింకను పరుగెత్తించినవాడు, ఆహారం చల్లి రప్పించినవాడు చట్టం దృష్టిలో వేటగాండ్రలోనే చేరవచ్చును. అభయారణ్యంలో ఛాయాచిత్రాలు తీయుటకు ముందుగా అనుమతి పొందవలెను. 2022 సవరణ ప్రకారం ఆ ఛాయాగ్రహణం వలన జీవుల నెలవులకు మార్పు గాని హాని గాని కలుగరాదు.

చట్టాన్ని మించినది జంతువు అవస్థ. వేసవిలో నీటికి వచ్చిన దుప్పిని బెదరించిన యెడల అది దప్పికతో మరలిపోవును. తల్లి మేతకు పోయినప్పుడు జింకపిల్ల గడ్డిలో కదలకుండ పడుకొనును. అది అనాథ కాదు. జాలిపడి దానిని ఎత్తుకొని వచ్చువారు తల్లికి, పిల్లకు ఎడబాటు కలిగించినవారే యగుదురు. భాగవతంలో భరతుడు నిజముగా తల్లిని కోల్పోయిన జింకపిల్లను పెంచి, ఆ మమకారంలో తపస్సును మరచినాడు. మమకారం మంచిదే, దూరం పాటించుట అంతకంటె మంచిది. జింక తల ఎత్తి మనవైపు చూచి, మేత మానిన యెడల మనం అవసరమైనదానికంటె దగ్గరకు వచ్చినామని గ్రహింపవలెను.

మనుష్యుల విషయంలోను ఇదే మర్యాద వర్తించును. రైతు చేనిలో అడుగుపెట్టుటకు ముందు రైతును, గిరిజన వాడలో చిత్రం తీయుటకు ముందు అక్కడి పెద్దను అడుగవలెను.

ఛాయాచిత్రం సాక్ష్యముగా

ఇట్టి చిత్రాల వలన ప్రయోజనమేమని ప్రశ్నింపవచ్చును. దీనికి కొల్లేటి సీమ సమాధానం చెప్పును. 1946లో కె. కె. నీలకంఠన్ అను కేరళదేశపు పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు గ్రామంలో గూడబాతులు గూళ్ళు కట్టుకొనుచున్నవని గుర్తించి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో ప్రకటించినాడు. చోటు, కాలం, లెక్క స్పష్టంగా వ్రాసినందుననే ఆ విషయం నేటికీ శాస్త్రజ్ఞులకు ఆధారంగా ఉన్నది. నేడు అవే గూడబాతులను కైకలూరు సమీపాన ఆటపాకలో, అటవీశాఖవారు నిలిపిన ఇనుప స్టాండ్లపై చూడవచ్చును. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2002 ఆగస్టు 19న రామ్‌సర్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లను పెద్దయెత్తున తొలగించినారు. ఈ వ్యవహారాలన్నిటిలో సరస్సు పూర్వం ఎంతవరకు ఉండెనన్నదే మూలప్రశ్న. ఉపగ్రహ చిత్రాలు పై నుండి కొంత చెప్పినవి. గట్టుమీద నిలిచి తీసిన చిత్రాలు ఊరూరా ఉండిన యెడల అవి మరికొంత చెప్పి ఉండును.

మెట్టసీమకు కూడా అట్టి సాక్ష్యం అవసరం. దీనికి సులభమైన పద్ధతి ఒకటి కలదు. ఒకే చోట, ఒకే ఎత్తున, ఒకే దిక్కుకు కెమెరా నిలిపి, ప్రతి సంవత్సరం అదే కార్తెలో చిత్రం తీయుట. గుర్తుకు మైలురాయి గాని, వంతెన గోడ గాని, పాత మర్రి గాని ఎన్నుకొనవలెను. చిత్రంతో పాటు తేదీ, వేళ, గ్రామం, నిలిచిన చోటు, చూచిన దిక్కు వ్రాసి ఉంచవలెను. జిల్లా పేరుతో సరిపెట్టరాదు. 2022 పునర్విభజనలో ఒకనాటి పశ్చిమ గోదావరి జిల్లాలోని నల్లజర్ల తూర్పు గోదావరిలోనికి, ఏలూరు క్రొత్త ఏలూరు జిల్లాలోనికి పోయినవి. తాడేపల్లిగూడెం మాత్రం పశ్చిమ గోదావరిలోనే ఉన్నది. జిల్లా మారును, ఊరి చెరువు పేరు మారదు.

ముగింపు

హైదరాబాదు సమీపాన వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాముల వేటభూమి. నేడు అది జాతీయ ఉద్యానవనం. అక్కడ కృష్ణజింకలు నిర్భయంగా తిరుగుచున్నవి. తుపాకి నడచిన దారిలోనే విద్యార్థులు కెమెరాలతో నడుచుచున్నారు. వేటభూమి దర్శనభూమిగా మారవచ్చునని ఇది నిరూపించుచున్నది. కాని అక్కడ ఆ నేలను ఎవరో రక్షించినారు గనుక ఆ మార్పు సాధ్యమైనది. నల్లజర్ల మెట్టలోని పొదలకు, చిన్న చెరువులకు అట్టి కంచె లేదు. వాటిని ఎరిగినవారి జ్ఞాపకమే వాటికి రక్షణ.

అరబ్బీలో "గజల్" అను కవితారూపానికి, "గజాల్" అను జింక పేరుకు మూలాక్షరాలు ఒకటే. గాయపడిన జింక మూలుగే గజల్ అని ఉర్దూ రసికులు చమత్కరింతురు. ఆ మూలుగు వినవలసిన అవసరం లేని వేట ఒకటి మన చేతిలో ఉన్నది. మన కళాశాల విద్యార్థులలో మెట్ట గ్రామాల నుండి వచ్చువారు, కొల్లేటి లంకల నుండి వచ్చువారు ఉన్నారు. ప్రతి ఒక్కరు తమ ఊరిలో ఒక చోటును ఎన్నుకొని, రాబోవు మృగశిర కార్తెలో ఒక చిత్రం తీసి, వెనుక వివరం వ్రాసి కళాశాల గ్రంథాలయానికి ఇచ్చిన యెడల పది సంవత్సరాలలో ఈ సీమకు ఒక నమ్మదగిన చిత్రపటం ఏర్పడును. అందుకు ఖరీదైన పరికరం అక్కరలేదు. తెల్లవారకముందే లేచుట, గాలివాలు చూచుట, కదలక నిలుచుట వచ్చిన చాలును. అవి మన తాతలనాటి షికారీలకు తెలిసిన విద్యలే.